వీడియో ‘ప్రాసెసింగ్’ దగ్గరే ఆగిపోయిందా? అసలు కారణం ఇదీ..

ఓ చిన్న వెబ్‌సైట్‌లో ఫోన్ నుంచి వీడియో అప్‌లోడ్ చేస్తారు. వంద శాతం పూర్తయినట్టు చూపిస్తుంది. కానీ గంటలు గడిచినా ‘ప్రాసెసింగ్’ అనే ఉంటుంది. చాలాసార్లు తప్పు ఫోన్‌దీ కాదు, నెట్‌దీ కాదు. సర్వర్ ఆ పనిని మధ్యలోనే ఆపేసి ఉంటుంది, ఆ విషయం ఎవరికీ చెప్పదు.

తక్కువ ధరకు దొరికే షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే మెషీన్‌ను ఎన్నో సైట్లు పంచుకుంటాయి. అందుకే ఒక్కో అకౌంట్‌కు సీపీయూ, మెమరీ లిమిట్ ఉంటుంది. పీహెచ్‌పీ స్క్రిప్ట్‌కు డిఫాల్ట్ గడువు 30 సెకన్లు. దాన్ని పెంచితే చాలనుకుంటారు చాలామంది. అక్కడే పొరపాటు! వీడియోను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి బయటి ప్రోగ్రామ్ కోసం ఎదురుచూసే టైమ్, లైనక్స్‌లో ఆ 30 సెకన్ల లెక్కలోకే రాదు. పని ఆగేది ఎక్కువగా వెబ్ సర్వర్ టైమౌట్ వల్ల, లేదా హోస్టింగ్ లిమిట్ వల్ల.

మరి దారేంటి? అప్‌లోడ్ పేజీ ఫైల్‌ను దాచి, డేటాబేస్‌లో ‘పెండింగ్’ అని రాసి, వెంటనే పక్కకు తప్పుకోవాలి. కొన్ని నిమిషాలకోసారి నడిచే క్రాన్ జాబ్ ఒక్కో వీడియోనే తీసుకుంటుంది. లాక్ తప్పనిసరి. లేదంటే మొదటిది నడుస్తుండగానే రెండోది మొదలై, అకౌంటే సస్పెండ్ కావొచ్చు. పొడవైన వీడియోను ముక్కలుగా చేస్తే, ఆగినచోట నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఫెయిలైతే యూజర్‌కు ఆ మాటే చూపించాలి.

అసలు ప్రతి వీడియోనూ మార్చాల్సిన పనిలేదు. హెచ్.264 ఎంపీ4 అయితే దాదాపు అన్ని ఫోన్లలోనూ ప్లే అవుతుంది. ఫైల్ చివర్లో ఉన్న ఇండెక్స్‌ను ముందుకు జరిపితే చాలు, అది మామూలుగా సెకన్ల పనే.