ఊరందరి పద్దు – ఇంటి గుట్టు

మా అమ్మమ్మ చీటీ వేసేది. పన్నెండు మంది ఆడవాళ్లు, పన్నెండు నోటుపుస్తకాలు. ఎవరు పాడారో, ఎవరెంత కట్టారో అన్ని పుస్తకాల్లోనూ ఒకేలా ఉండాలి. నెలకోసారి వసారాలో కూచుని పద్దులు సరిచూసుకునేవారు. ఒకరు అంకె మారిస్తే పదకొండు గొంతులు లేచేవి. అంత బహిరంగమైన లెక్క గదా, ఆవిడ పుస్తకం మాత్రం బియ్యం డబ్బా అడుగున ఉండేది. అదేమిటంటే, "లెక్క అందరిదీనే తల్లీ, అది ఏ ఇంట్లో ఉందో అందరికీ ఎందుకూ?" అనేది.

ఆ మాట మొన్న మళ్లీ గుర్తొచ్చింది. మా అబ్బాయి టీవీ పక్కన అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి అమర్చి, "బిట్‌కాయిన్ నోడ్ అమ్మా" అన్నాడు. నా గుండె గుభేలుమంది. "ఉన్న నాలుగు డబ్బులూ అందులో పోశావుట్రా?"

"కొనడం కాదమ్మా, లెక్క చూడడం" అన్నాడు. 2009 జనవరి 3న మొదలైన పద్దు అది. సుమారు పది నిమిషాలకొక కొత్త పుట చేరుతుంది. ఇప్పటికి 600 జీబీ దాటిందట. దానికి బ్యాంకూ లేదు, గుమాస్తా లేడు. ప్రపంచంలో వేలమంది ఇళ్లలో తలా ఒక ప్రతి ఉంచుకుని, వచ్చిన ప్రతి లెక్కనూ ఎవరికి వారే సరిచూసుకుంటారు. అచ్చం అమ్మమ్మ చీటీయే!

"మరి వి.పి.ఎన్. గుండా నడపడమెందుకు? తప్పు చేయనివాడికి చాటెందుకు?" అన్నాను. వాడు చెప్పింది కొంత, నేను చదువుకున్నది కొంత. కథ ఇదీ.

సతోషి నకమోటో అనే మారుపేరుతో ఎవరో 2008 అక్టోబరు 31న తొమ్మిది పేజీల వ్యాసం వెలువరించారు. అందులో గోప్యతకూ చోటుంది. లెక్క అందరికీ కనబడుతుంది, మనుషుల పేర్లు కనబడవు. బాగానే ఉంది. కానీ పేరు దాచినా ఇంటి నంబరు బయటపడింది. తొలి రోజుల్లో ఆ ప్రోగ్రాము తోటివారిని వెతుక్కోడానికి ఇంటర్నెట్‌లో ఒక కబుర్ల గదిలో చేరేది. అక్కడ అది పెట్టుకున్న మారుపేరులోనే దాని ఐ.పి. నంబరు ఇమిడి ఉండేది! ముసుగు వేసుకుని మెడలో చిరునామా తగిలించుకున్నట్టు.

2011లో డాన్ కామిన్‌స్కీ అనే నిపుణుడు ఇంకో కిటుకు బయటపెట్టాడు. నోడ్‌లన్నిటితోనూ సంబంధం పెట్టుకుని కూచుంటే, ఒక చెల్లింపు కబురు మొదట ఏ ఇంటినుంచి వినిపించిందో చూడొచ్చు. బహుశా అది ఆ ఇంటిదే. 2014లో లక్సెంబర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి దారులు మరికొన్ని చూపించారు. వీధిలో పుకారు ఎక్కడ పుట్టిందో మనం కనిపెట్టమూ? అలాగే.

తెలిస్తే ఏమవుతుందంటారా? హాల్ ఫిన్నీ కథ వినండి. 2009 జనవరి 12న సతోషి పంపిన పది బిట్‌కాయిన్లు, ఆ పద్దులోని మొదటి చెల్లింపు, అందుకున్నవాడాయన. కంప్యూటరు వేడెక్కుతోందని, ఫ్యాను రొద పడలేక కొన్నాళ్లకే ఆపేశానని 2013లో రాసుకున్నాడు. పాపం, ఆ 2009లోనే కండరాలు చచ్చుబడే జబ్బు బయటపడింది. 2014లో ఎవడో బెదిరింపులకు దిగి వెయ్యి బిట్‌కాయిన్లు అడిగాడు. ఫిన్నీ ఇంట్లో హత్య జరిగిందని పోలీసులకు దొంగ ఫోను చేశాడు. కదలలేని ఆ మనిషిని ఇంట్లోంచి బయటికి తెచ్చి పచ్చికమీద ఉంచాల్సి వచ్చింది. ఆ ఆగస్టులోనే కన్నుమూశాడు. ఆయన సంగతి నోడ్ వల్ల తెలిసింది కాదు, పేరే లోకానికి తెలుసు. అయినా "ఫలానా ఇంట్లో ఉందట" అన్న మాటకు ఎంత ఖరీదో చూడండి!

వి.పి.ఎన్. మొదట దీనికోసం పుట్టలేదు. 1996 ప్రాంతంలో ఆఫీసుకు దూరంగా ఉన్న ఉద్యోగులు ఆఫీసు యంత్రాలను భద్రంగా అందుకోడానికి వచ్చింది. ఇప్పుడు మన కబురు దాని గుండా వెళితే, అవతలివారికి మన నంబరు బదులు ఆ కంపెనీ నంబరు కనబడుతుంది. అంతే, మాయ ఏమీ లేదు. ఆ కంపెనీకి మాత్రం మనం తెలుస్తాం. పొరుగింటివాళ్లనుంచి దాచి, పాలవాడి చేతికి తాళం ఇచ్చినట్టు. 2022 ఏప్రిల్‌లో మన కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్, వాడకందార్ల పేర్లూ చిరునామాలూ అయిదేళ్లు భద్రపరచమని ఈ కంపెనీలను ఆదేశించింది. కొన్ని కంపెనీలు తమ సర్వర్లనే ఇక్కణ్నించి ఎత్తేశాయి. ఇంకో చిక్కు: మధ్యలో వి.పి.ఎన్. తెగితే నోడ్ నోరు మెదపకుండా మామూలు దారి పట్టి, మన నంబరు చాటేస్తుంది. అది తెగితే నెట్ కూడా ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. పన్ను ఎగ్గొట్టడానికి మాత్రం ఇది దారి కాదు. 2022 బడ్జెట్‌తో వచ్చిన 30 శాతం పన్ను లాభం మీద కట్టాల్సిందే.

చాటు వేరు, దొంగతనం వేరు. తలుపుకు గడియ పెట్టుకున్నవాళ్లంతా దొంగలు కారు గదా!

నిన్న ఎదురు ఫ్లాటావిడ వచ్చి, "ఆ పెట్టేమిటండీ, లైటు మిణుకుమిణుకుమంటోంది?" అంది. మా వాడి ఘనతంతా చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. బియ్యం డబ్బా కళ్లముందు మెదిలింది.

"ఏమోనండీ, టీవీ తాలూకు సామానేదో" అన్నాను. ఎన్ని వి.పి.ఎన్.లు పెట్టినా, ముందు కట్టుకోవలసింది ఈ నోరే.