గంతకు తగ్గ బొంత: రంగుల పొందిక



"గంతకు తగ్గ బొంత" అన్న సామెత వినని తెలుగువారుండరు. గంత అంటే బరువు మోసే ఎద్దు వీపున పరిచే మెత్త. నేడు ఈ మాటను సరిజోడు కుదిరిందని ఎగతాళికి వాడుతున్నాము గాని, సామెత చెప్పేది పొందికను గురించి. ఏది దేని పక్కన నప్పుతుందన్న వివేచన అది. బొంతలోని రంగుల విషయంలో మన స్త్రీలకు ఆ వివేచన ఎట్లా అలవడిందో విచారించడమే ఈ టపా ఉద్దేశం.

దీనికి కారణం ఇంట్లోనే పుట్టింది. మిర్యాలగూడలో ఉన్న మా అమ్మాయి తన బిడ్డకు బొంత కుట్టదలచి, పాత చీరలన్నీ ముందేసుకొని, "నాయినా! ఏ రంగు పక్కన ఏ రంగు వేయమంటావు?" అని అడిగింది. సూర్యాపేటలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. పద్యపాదంలో యతి ఎక్కడ పడాలో చెప్పగలను గాని ఈ ప్రశ్నకు సమాధానం తోచలేదు. పెట్టె అడుగున దాచిన మా అమ్మ బొంతను తీసి ఆమె ముందు పరిచాను. ఆ బొంత సంగతి చివర చెబుతాను. అంతకుముందు దాని పూర్వులను కొంత తెలుసుకోవాలి.

బొంతను సంస్కృతంలో కంథ అంటారు. అతుకుల వస్త్రమన్నమాట. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండపై శాతవాహన, ఇక్ష్వాకు కాలాల నాటి బౌద్ధారామం ఉన్నది. బౌద్ధ భిక్షువు ధరించే చీవరం కూడా ముక్కలను కలిపి కుట్టినదే. మగధ దేశపు పొలాలను, వాటి నడుమ గట్లను చూపి, ఆ తీరున చీవరం కుట్టించమని బుద్ధుడు ఆనందునితో చెప్పినట్లు వినయపిటకంలోని మహావగ్గం తెలుపుతుంది. రంగుకూ నియమమున్నది. వేరు, మాను, బెరడు, ఆకు, పువ్వు, కాయ అనే ఆరింటి నుండి తీసిన రంగులు వాడవచ్చు. పూర్తి నీలం, పూర్తి పసుపు, పూర్తి ఎరుపు, పూర్తి నలుపు మాత్రం కూడదు. కంటికి ఇంపైన రంగును వదులుకోవడం సన్న్యాసంలో ఒక భాగం. అది వారు కోరి చేసిన త్యాగమని గుర్తుంచుకోవాలి.

గృహస్థుల దారి వేరు. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే నేటి 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగుస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ రాజ్యానికి ప్రధానమైన రేవు అదే. అక్కడి అద్దకపు పనివారు పటిక పట్టించిన గుడ్డను చిరివేరులో ఉడికించి ఎరుపును, ఇనుపముక్కలు, బెల్లం కలిపి నానబెట్టిన నీటితో నలుపును సాధించేవారు. నీలిమందుతో నీలం వచ్చేది. మన దేశపు అద్దకపు గుడ్డలు ఓడలెక్కి ఐరోపా చేరినవి. ఇంగ్లండులోని లెవెన్స్ హాలు అనే భవనంలో 1708 ప్రాంతంలో కుట్టిన ఒక బొంత నేటికీ ఉన్నది. దానిలోని ముక్కలు భారతదేశపు అద్దకపు గుడ్డవే. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు తమ బ్రతుకు పోతున్నదని మొరపెట్టుకోగా, 1721లో ఆ దేశపు పార్లమెంటు అద్దకపు నూలుగుడ్డను కట్టుబట్టగానే కాక పడకలకు, తెరలకు వాడడాన్ని సైతం నిషేధించింది. ఒక రాజ్యం పడక మీది రంగులకు భయపడిన సందర్భమిది!

మా పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాక నేతగాళ్ళు తేలియా రుమాలు నేస్తారు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును నానబెట్టి అద్దే విద్య అది. ఎరుపు, నలుపు, తెలుపు అన్న మూడింటితోనే దాని అందమంతా. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. రంగులు తక్కువైనంత మాత్రాన అందం తగ్గదనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావాలి?

మా వైపు తండాలలో లంబాడీ స్త్రీల పద్ధతి ఇందుకు భిన్నం. వారి టుక్రీలో ఎరుపు ప్రధానం. దాని చుట్టూ పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కలు, అద్దాలు, గవ్వలు చేరుతాయి. పూర్వం ఎద్దుల మందలపై ధాన్యం, ఉప్పు మోసుకొని దేశమంతా తిరిగినవారు వారు. సామెతలోని గంత వారి ఎద్దుల వీపున నిత్యం ఉన్నదే.

1869లో ఎరుపుకు, 1897లో నీలికి కర్మాగారాల రసాయనాలు బజారుకెక్కిన తరువాత చిరివేరుకు, నీలిమందు తోటలకు కాలం చెల్లింది. మా ప్రాంతంలో మరొక మార్పు 1967 ఆగస్టు 4తో మొదలైంది. ఆనాడు నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఆ తరువాతి ఏళ్ళలో మిర్యాలగూడ, కోదాడ పొలాలు వరిమళ్ళయినవి, చేతిలో నాలుగు డబ్బులాడినవి, మిల్లు చీరలు, నైలాన్ చీరలు ఇంటింటికీ వచ్చినవి. మునుపు రెండు మూడు రంగులతో కుదిరిన బొంతలో పది రంగులు చేరి, పొందిక కష్టమైంది.

ఇక మా అమ్మ బొంత. ఎర్రని, నీలిరంగు చదరాలు. ఏ రెండూ ఒకదానినొకటి తాకవు. నడుమ వేలెడు వెడల్పున తెల్లని పట్టీ, మడికి గట్టు వేసినట్లు. పారిస్‌లో రాజాస్థానపు అద్దకశాలకు అధికారి అయిన షెవ్రూల్, పక్కనున్న రంగును బట్టి ప్రతి రంగూ మారి కనిపిస్తుందని 1839లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. మా అమ్మకు అక్షరం రాదు. "రెండు గట్టి రంగులు పక్కపక్కన ఉంటే కొట్టుకుంటయి బిడ్డా, నడుమ ఓ తెల్లది పెట్టాలె" అనేది.

మా అమ్మాయి బొంతను తడిమి చూసి, "ఈ తెల్ల గుడ్డ ఎక్కడిది నాయినా?" అన్నది. అప్పుడు గాని నాకు తట్టలేదు. మా నాన్న పోయిన నాటి నుండి అమ్మ తెల్ల చీరే కట్టింది. ఆ పట్టీలు ఆ చీరలవి. ఎర్రవీ నీలివీ ఆమె ఇక కట్టరాదని లోకం తేల్చిన చీరలవి. భిక్షువు రంగును తానై విడిచాడు, మా అమ్మ చేత విడిపించారు. ఆమె వాటిని ఎవరికీ ఇచ్చివేయలేదు, కొడుకుకు కప్పింది. సూర్యాపేటలో హాస్టలులో చదువుకున్న ఏళ్ళన్నీ ఆ బొంత కప్పుకొని పడుకున్నవాణ్ణి, ఆ సంగతి నాకు అరవై దాటాక, బిడ్డ అడిగితే తెలిసింది.

మా అమ్మాయి తన బిడ్డ బొంతకు అదే పద్ధతి ఎంచుకున్నది. గట్లకు మాత్రం తెలుపుకు మారుగా లేత పసుపు వేసింది. నేను కాదనలేదు.

మీ ఇళ్ళలో పాత బొంతలుంటే ఒకసారి విప్పి, ఏ ముక్క ఎవరి చీరదో పెద్దవారిని అడగండి. చెప్పగలవారు ఉన్నప్పుడే అడగాలి. తెలిసిన సంగతులు నాతోనూ పంచుకోగలరు.