ఉర్దూ జంటక్రియలు - తెనుగు క్త్వార్థము

మైలవరము, నందిగామ, జగ్గయ్యపేటల మెట్టసీమకు ఎల్లకావలి హైదరాబాదు రాజ్యమున 19వ శతాబ్ది చివరఁ బారసీకమునకు మాఱుగా ఉర్దూ కచేరీభాష యయ్యెను. 1948లో నిజాము పాలన ముగియువఱకు నట్లే యుండెను. ఆ పత్రములను దెనిఁగించుటలో నొక చిక్కు గలదు.

‘లిఖ్ కర్ దియా’ యనఁగా వ్రాసి పిదప నిచ్చెనని రెండు క్రియలు. ‘కర్’ లోపించిన ‘లిఖ్ దియా’ యేకక్రియ; అందు ‘దేనా’ దానార్థమును విడిచి, వ్రాఁత ముగిసెననియు, తఱచుగా ఫలము పరులదనియు మాత్రమే తెలుపును. ‘లిఖ్ లియా’ యన్నచో ఫలము కర్తదే. అది మన ‘వ్రాసికొనెను’. పాణినీయులకిది పరస్మైపదాత్మనేపద భేదమును స్మరింపఁజేయును.

తెనుఁగున క్త్వార్థపు టికారము లోపింపదు. కావున ‘లిఖ్ దియా’ను ‘వ్రాసి యిచ్చెను’ అని తెనిఁగించినచోఁ బత్రము చేతికందెనను లేనియర్థము పుట్టును. లోపించిన యొక్క ‘కర్’ సాక్ష్యమునే మార్చునని యనువాదకుఁడు మఱవరాదు.