ఉత్పత్తి అవకాశాల రేఖ: బదిలీకి కారణాలు

ఒక ఆర్థిక వ్యవస్థ తన వనరులను, తెలిసిన సాంకేతికతను పూర్తిగా వాడుకుంటే రెండు వస్తువులను గరిష్ఠంగా ఏయే పాళ్లలో ఉత్పత్తి చేయగలదో చూపేది ఉత్పత్తి అవకాశాల రేఖ. వనరుల పరిమాణం, నాణ్యత, సాంకేతికతల్లో ఏది మారినా రేఖ జరుగుతుంది.

గోదావరి డెల్టా దీనికి చక్కని ఉదాహరణ. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. వానను నమ్ముకున్న పొలాలకు కాలువ నీరు అందింది. నేల అదే, రైతులూ వాళ్లే, దిగుబడి పెరిగింది. ఆ కాలువల్లోనే పడవలు సరుకు మోశాయి కాబట్టి మేలు వరితో ఆగలేదు, రేఖ మొత్తంగా బయటికి జరిగింది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి సంగతి వేరు. అలాంటి వంగడం వల్ల రేఖ వరి అక్షం వైపే సాగుతుంది. రెండో అక్షం మీది కొన కదలదు.

వనరులు నశిస్తే రేఖ లోపలికీ జరుగుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని, పశువులను పొట్టనబెట్టుకుంది. పొలాలను ఉప్పునీట ముంచింది.

నిరుద్యోగాన్ని రేఖ బదిలీగా చెప్పడం పొరపాటు. మిల్లు మూతపడితే ఉత్పత్తి బిందువు రేఖకు లోపల పడుతుంది, అంతే. మూత ఏళ్ల తరబడి సాగి, యంత్రాలు తుప్పుపట్టి, కార్మికుల నైపుణ్యం పోతే మాత్రం రేఖే కుంచించుకుపోతుంది.