తిరుపతి, చిత్తూరు సీమలో తొలినాటి ఇంటర్నెట్: కొత్తవాళ్లకు దారి చూపినవి

విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చింది. తొలి కేంద్రాలు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. ఆ తర్వాత బెంగళూరు, పుణె చేరాయి. అప్పటి చిత్తూరు జిల్లాలో తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు వాళ్లకు మద్రాసు దగ్గర. కుప్పం, మదనపల్లె వాళ్లకు బెంగళూరు దగ్గర. రెండు మహానగరాల నడుమ ఉన్న జిల్లా అయినా, మోడెమ్‌తో ఆ ఊళ్లలో ఏ కేంద్రానికి ఫోను కలిపినా పడేది ఎస్టీడీ చార్జీయే. ఖాతా ధర దానికి అదనం: ఏడాదిలో 250 గంటలకు 5,000 రూపాయలు, వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. చవక రకం ఖాతాలో బొమ్మలుండవు. నల్లని తెర మీద అక్షరాలే కనిపిస్తాయి, అడిగింది ఆదేశాల రూపంలో టైపు చేయాలి. దీన్ని షెల్ ఖాతా అనేవారు.

ఆ తెర మీద పని చేసుకోవాలంటే కొన్ని పనిముట్లు తెలిసుండాలి. ఉత్తరాలకు పైన్, పేజీలు చదవడానికి లింక్స్, దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లడానికి టెల్నెట్, ఫైళ్లు దించుకోవడానికి ఎఫ్‌టీపీ. ఏ ఫైలు ఎక్కడుందో వెతికిపెట్టే ఆర్చీ 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలోను, సమాచారాన్ని మెనూలుగా పేర్చి చూపే గోఫర్ 1991లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోను తయారయ్యాయి. వీటిని కొత్తవాళ్లకు నేర్పిన పుస్తకాల్లో రెండు బాగా పేరు పొందాయి, రెండూ 1992 నాటివే. బ్రెండన్ కెహో విద్యార్థిగా ఉన్నప్పుడే ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ ది ఇంటర్నెట్’ రాసి నెట్‌లోనే ఉచితంగా పెట్టాడు. ఎడ్ క్రోల్ రాసిన ‘ది హోల్ ఇంటర్నెట్’ పుస్తకాల షాపుల్లో అమ్ముడుపోయింది. కంప్యూటర్ శాస్త్రం చదవనివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఓపికగా రాయడం వీటి గొప్పతనం. అయితే వీళ్లు ఎదురుగా ఊహించుకున్న పాఠకుడు విశ్వవిద్యాలయంలో టెర్మినల్ ముందు కూర్చున్నవాడు, ఇంగ్లీషు ధారాళంగా చదవగలవాడు.

తిరుపతి వీధుల్లోకి ఇంటర్నెట్ వచ్చేసరికి ఆ పనిముట్ల కాలం దాదాపు అయిపోయింది. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజరు, దాని వెనకే వచ్చిన నెట్‌స్కేప్, బొమ్మలను మౌసుతో నొక్కి ముందుకు వెళ్లే పద్ధతిని స్థిరపరిచాయి. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరుచుకుంది, సత్యం ఆన్‌లైన్ వంటివి వచ్చాయి. 2000 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ ఏర్పడ్డాక దాని సంచార్‌నెట్ చిన్న పట్టణాలకు చేరింది. కాబట్టి ఈ ప్రాంతపు కొత్తవాళ్లలో చాలామంది గోఫర్ పేరైనా వినకుండా నేరుగా బ్రౌజరు ముందు కూర్చున్నారు. వాళ్లకు ఆదేశాల చిట్టాతో పని లేదు. అడ్డొచ్చింది ఇంగ్లీషు, అలవాటు లేని కీబోర్డు, తప్పు నొక్కితే ఏదో పాడైపోతుందన్న జంకు.

ఆ జంకు పోగొట్టింది నెట్ సెంటర్. ఎస్టీడీ బూత్, జెరాక్సు మిషన్ ఉన్న చోటే రెండు మూడు కంప్యూటర్లు పెట్టి గంటల లెక్కన అద్దెకిచ్చేవారు. అక్కడ కూర్చునే కుర్రాడే ఈ సీమలో తొలి ఇంటర్నెట్ గైడు అనడం అతిశయోక్తి కాదు. ఈమెయిల్ ఖాతా తెరిచిపెట్టడం, పాస్‌వర్డు కాగితం మీద రాసివ్వడం, హాల్ టికెట్ నంబరు కొట్టి ఇంటర్, ఎంసెట్ ఫలితం చూసి ప్రింటు తీసివ్వడం, అమెరికాలో ఉన్న కొడుక్కి తల్లి చెప్పిన మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయడం అతని పనులు. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ రైలు టికెట్ల అమ్మకం నెట్‌లో మొదలుపెట్టాక, తిరుపతి వంటి యాత్రాస్థలంలో ఈ సెంటర్ల అవసరం ఇంకా పెరిగింది. ఈ మనుషుల గురించి ఏ చరిత్ర పుస్తకమూ వివరంగా రాయకపోవడం లోటే.

ఇదే పనిని ఒక పథకంగా చేసిన ఊరు కుప్పం. తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే ఈ సరిహద్దు నియోజకవర్గానికి అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శాసనసభ్యుడు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ (హెచ్‌పీ) కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ పేరుతో మూడేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచి, వాటిని నడిపే బాధ్యత స్థానికులకు అప్పగించారు. రైతుకు, విద్యార్థికి, పింఛను దరఖాస్తు పెట్టుకునేవాళ్లకు కావలసిన సమాచారం అక్కడ దొరకాలన్నది ఉద్దేశం. కరెంటు నమ్మకంగా ఉండని పల్లెల కోసం సౌరశక్తితో పనిచేసే వాహనంలో కంప్యూటర్లు తీసుకెళ్లారు. అన్నిటికన్నా చెప్పుకోదగ్గది మహిళా స్వయం సహాయక సంఘాల నుంచి వచ్చిన గ్రామ ఫొటోగ్రాఫర్ల ప్రయోగం. డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటరు భుజాన వేసుకుని ఈ స్త్రీలు ఊళ్లు తిరిగి, గుర్తింపు కార్డులకు, శుభకార్యాలకు ఫొటోలు తీసి అక్కడికక్కడే ఇచ్చి సంపాదించుకున్నారు. కంపెనీ దృష్టిలో కుప్పం కొత్త సరుకును పరీక్షించుకునే ప్రయోగశాల కూడా. గడువు తీరాక కంపెనీ తప్పుకుంది. అయినా కంప్యూటరును చదువుతో ముడిపెట్టకుండా నేరుగా ఒక జీవనోపాధి పనిముట్టుగా పల్లె స్త్రీ చేతికివ్వడం ఆ రోజుల్లో అరుదు. ఆ ఘనత ఈ కార్యక్రమానికి దక్కాల్సిందే.

ఇక మిగిలింది అక్షరాల సమస్య. అన్ని లిపుల అక్షరాలనూ ఒకే పద్ధతిలో గుర్తించే యూనికోడ్ ప్రమాణపు తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దక్కింది. కాని ఇళ్లలోని కంప్యూటర్లకు అది రావడానికి పదేళ్లు పట్టింది. ఈలోగా ఒక్కో పత్రిక ఒక్కో సొంత ఫాంటు వాడింది. ఈనాడు చదవాలంటే ఈనాడు ఫాంటు ఉండాలి, అది ఇంకో పత్రిక సైటుకు పనికిరాదు. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు పేజీ తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపించేవి.

రాయడానికి దారి చూపింది అమెరికాలోని తెలుగువాళ్లు. 1990ల తొలి ఏళ్లలో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. ‘తిరుపతి’కి అన్నీ చిన్న అక్షరాలే చాలు. ‘చిత్తూరు’లో దీర్ఘానికి పెద్ద యు కావాలి. ‘పుంగనూరు’లో సున్నకు పెద్ద ఎమ్, ‘శ్రీకాళహస్తి’లో శకారానికి పెద్ద ఎస్, ళకారానికి పెద్ద ఎల్. గంటసేపు అలవాటు చేసుకుంటే వేళ్లకు పట్టుబడే పద్ధతి ఇది.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, చాలా కంప్యూటర్లలో సీడీ పెట్టి భారతీయ లిపుల సదుపాయాన్ని విడిగా చేర్చుకుంటేనే ఒత్తులు సరిగా కుదిరేవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లను చాలామంది దించుకున్నారు. పత్రికల సొంత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ను వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కోసం తయారుచేశారు. 2006లో వీవెన్ ‘లేఖిని’ని తెచ్చారు. ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోకుండా ఒక పేజీ తెరిచి ఆర్‌టీఎస్ పద్ధతిలో కొడితే పక్కనే తెలుగు వస్తుంది, దాన్ని కాపీ చేసుకుని ఎక్కడైనా అతికించుకోవచ్చు. సొంత కంప్యూటర్ లేక నెట్ సెంటర్లో కూర్చునేవాళ్లకు ఇంతకన్నా అనువైన పనిముట్టు అప్పటికి లేదు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈ టైపు పద్ధతిని తన రాత పెట్టెలోనే ఇముడ్చుకుంది. 2015 ఫిబ్రవరిలో దాని పదకొండో వార్షికోత్సవం తిరుపతిలో జరిగింది. అప్పటికే తెలుగు కీబోర్డు చేతి ఫోన్లలోకి వచ్చేసింది, గంటల లెక్కన కంప్యూటరు అద్దెకిచ్చిన సెంటర్లు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపి ప్రింట్లు తీసిచ్చే షాపులుగా మారిపోయాయి.