ధర్మరాజును నిలదీసిన ద్రౌపది, దేవుళ్లను నిలదీసిన సోక్రటీసు

కృష్ణగిరి జిల్లా పల్లెల్లో భారతం పెట్టారంటే చివరి రోజు జనమంతా గుడి ముందున్న మైదానానికి చేరతారు. అక్కడ మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. రంగులు పూసిన ఆ బొమ్మ ఒళ్లు ఎంత పెద్దదంటే, వేషగాళ్లు దాని మీదా చుట్టూ తిరుగుతూ ఆడతారు. భీముడి వేషం కట్టినవాడు తొడ మీద గదతో కొడతాడు. ద్రౌపది అప్పటిదాకా విరబోసుకున్న జుట్టు ముడి వేసుకుంటుంది. ఆ తర్వాత అగ్నిగుండం తొక్కుతారు. అంతకుముందు రోజుల తరబడి పగలు భారత కథ, రాత్రి తెరుకూత్తు అనే వీధినాటకం సాగుతాయి. కుప్పం, పుంగనూరు వైపు ఇదే వేడుక ధర్మరాజుల తిరునాళ్లుగా తెలుగులో జరుగుతుంది. జిల్లా సరిహద్దులు మనుషులకే, కథకు కావు.

ఆ గుడిలో ద్రౌపది పక్కన ఉన్నది పాండవ అగ్రజుడు ధర్మరాజు, యమధర్ముడి వరాన పుట్టిన బిడ్డ. అంటే ధర్మమనే భావానికి ఇక్కడ తండ్రీ కొడుకుల వంశం ఉంది, గుడి ఉంది, ఉత్సవం ఉంది. చేత్తో ముట్టుకోలేని ఒక ఆలోచనకు హారతి పట్టడం హోసూరు ప్రాంతం వాళ్లకు వింతేమీ కాదు.

ప్రాచీన గ్రీకులకూ వింత కాదు. క్రీ.పూ. 700 ప్రాంతపు కవి హెసియడ్ దేవతల వంశావళి చెబుతూ దేవతల రాజు జ్యూస్‌కు థెమిస్ అనే భార్యనిచ్చాడు. ఆమె ధర్మవ్యవస్థకు రూపం. వాళ్ల కూతుళ్లలో ముగ్గురు: న్యాయం, సుపరిపాలన, శాంతి. మనుషులు తనను అవమానించినప్పుడల్లా న్యాయదేవత వెళ్లి తండ్రి పక్కన కూర్చుని ఫిర్యాదు చేస్తుందట. మృత్యువు, నిద్ర, మోసం, ముసలితనం మాత్రం రాత్రి కన్న పిల్లలు. ఇదంతా కవి అలంకారమే అనుకుంటే పొరపాటు. క్రీ.పూ. 375 ప్రాంతంలో స్పార్టాతో సంధి కుదిరాక ఏథెన్స్ నగరం శాంతిదేవికి ఏటా బలులివ్వడం మొదలుపెట్టింది. సంపద అనే పసివాణ్ని ఎత్తుకున్న శాంతి విగ్రహాన్ని కెఫిసోడోటస్ అనే శిల్పి చేశాడు. దానికి రోమన్ కాలపు నకలు మ్యూనిక్ మ్యూజియంలో ఉంది. యుద్ధం ఆగితే ఇంట్లోకి డబ్బొస్తుందని అంత సూటిగా చెప్పిన శిల్పం మరొకటి దొరకడం కష్టం.

కాబట్టి దేవుళ్లను తోసేసి ఆ చోట భావాలను కూర్చోబెట్టినవాళ్లే గ్రీకు తత్వవేత్తలన్న కథ సగమే నిజం. భావాలు ముందునుంచీ దేవుళ్ల మధ్యే ఉన్నాయి. తత్వవేత్తలు మార్చింది కొలువులో ఎవరి చోటు ఎక్కడన్నది.

వాళ్లలో క్సెనోఫేనిస్ మొదట దేవుళ్ల ముఖాల మీద పడ్డాడు. ఇథియోపియా వాళ్ల దేవుళ్లు నల్లగా, థ్రేసు వాళ్ల దేవుళ్లు ఎర్రజుట్టుతో ఉంటారని, గుర్రాలకు బొమ్మలు గీయడం వస్తే వాటి దేవుళ్లూ గుర్రాల్లాగే ఉంటారని ఎత్తిపొడిచాడు. అలాగని నాస్తికుడు కాదు. మనిషి ఆకారం లేని, తలపుతోనే అన్నిటినీ కదిలించే ఒక గొప్ప దైవాన్ని ఒప్పుకున్నాడు. ఎంపెడొక్లీస్ దారి వేరు. నిప్పు, గాలి, నేల, నీరు అనే నాలుగు మూలాలకూ జ్యూస్, హేరా వంటి దేవతల పేర్లే పెట్టాడు. అనక్సాగొరస్ సూర్యుణ్ని కాలే రాతి ముద్ద అన్నాడు, సృష్టిని నడిపేది బుద్ధి అన్నాడు. దైవద్రోహమని అతని మీద కేసు పెట్టారని, అతను ఏథెన్స్ వదిలిపోవాల్సి వచ్చిందని పాత చరిత్రకారులు రాశారు.

జనం ఈ మార్పును ఎలా చూశారో తెలియాలంటే అరిస్టోఫనీస్ నాటకం చాలు. క్రీ.పూ. 423లో ఆడిన ‘మేఘాలు’లో సోక్రటీసు ఒక బుట్టలో వేలాడుతూ కనిపించి, తర్వాత వాన కురిపించేది జ్యూస్ కాదు మబ్బులేనని పాఠం చెబుతాడు. అది విన్న ముసలి రైతు, జ్యూస్‌ను తరిమేసి సుడి అనే కొత్త రాజు గద్దెనెక్కాడని అర్థం చేసుకుంటాడు. ప్రేక్షకులు నవ్వారు. 24 ఏళ్ల తర్వాత నగర దేవుళ్లను ఒప్పుకోవడం లేదన్న నేరం మీద సోక్రటీసు కోర్టుకెక్కినప్పుడు ఆ నవ్వు ప్రాణం మీదికొచ్చింది. ప్లేటో రాసిన వాదనలో సోక్రటీసే ఆ నాటకాన్ని గుర్తుచేస్తాడు.

ఆ విచారణకు ముందు జరిగినట్టు ప్లేటో రాసిన సంభాషణే ‘యూథిఫ్రో’. అధికారి కొలువు దగ్గర సోక్రటీసుకు యూథిఫ్రో ఎదురవుతాడు. అతను కన్నతండ్రి మీదే హత్య కేసు వేయడానికి వచ్చాడు. వాళ్ల పొలంలో ఒక కూలివాడు తాగి బానిసను చంపాడు. తండ్రి ఆ కూలివాణ్ని కాళ్లూ చేతులూ కట్టి గుంటలో పడేసి, ఏం చేయాలో కనుక్కు రమ్మని ఏథెన్స్‌కు మనిషిని పంపాడు. ఆ మనిషి తిరిగొచ్చేలోగా కూలివాడు చలికి, ఆకలికి పోయాడు. తండ్రిని కోర్టుకీడ్చడం తప్పు కాదా అని బంధువులు మండిపడుతుంటే యూథిఫ్రో చెప్పే జవాబు, జ్యూస్ కూడా తన తండ్రిని సంకెళ్లలో పెట్టాడు కదా అని. అప్పుడు సోక్రటీసు మెల్లగా అడుగుతాడు: ఒక పని పుణ్యమైనది కాబట్టి దేవుళ్లు ఇష్టపడతారా, దేవుళ్లు ఇష్టపడ్డారు కాబట్టి అది పుణ్యమవుతుందా? మొదటిది ఒప్పుకుంటే దేవుళ్లు కూడా తమ కంటే పైనున్న దేనికో తలవంచుతున్నట్టు. రెండోది ఒప్పుకుంటే దేవుళ్లు తమలో తాము కొట్లాడుకున్నప్పుడల్లా పుణ్యం పాపమవుతుంది. యూథిఫ్రో పనుందని జారుకుంటాడు.

ఇక్కడే మన భారతం గుర్తురావాలి. జూదంలో ధర్మరాజు ముందు తనను తాను ఒడ్డుకుని ఓడాడు, తర్వాత భార్యను ఒడ్డాడు. తనే దాసుడైనవాడికి నన్ను పణంగా పెట్టే హక్కెక్కడిదని ద్రౌపది సభలో అడిగింది. ధర్మం సూక్ష్మమైనదని, తేల్చి చెప్పలేనని భీష్ముడు చేతులెత్తేశాడు. అడుగుతున్నది ధర్ముడి కొడుకును, అడుగుతున్నది ధర్మం గురించే. ధర్మరాజు కంటే ధర్మం పైనుందన్న ఎరుక లేకపోతే ఆ ప్రశ్న పుట్టదు. ఏథెన్స్ ఆ ఎరుకను గ్రంథంలో పెట్టింది, ప్రశ్న అడిగినవాణ్ని చంపింది. ఈ పల్లెలు అడిగినామెకే గుడి కట్టి, ఏటా రాత్రి దీపాల కింద ఆ ప్రశ్నను మళ్లీ మళ్లీ అడిగించుకుంటున్నాయి. గుళ్లో మొక్కే ధర్మరాజును రంగస్థలం మీద తలవంచుకోనివ్వడం చిన్న ధైర్యం కాదు. ఆయన పూజకు దీనివల్ల లోటు రాకపోవడం ఇంకా విచిత్రం.

సోక్రటీసు ఈ నేలకు పుస్తకంగా కూడా వచ్చాడు. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878 డిసెంబరు 10న ఆ ఊరి మునసబు ఇంట పుట్టిన రాజగోపాలాచారి (రాజాజీ), హోసూరు బడిలోనే చదువుకున్నారు. రామాయణ భారతాలను తమిళ వచనంలో చెప్పిన ఆయన దృష్టి గ్రీకుల మీద కూడా ఉంది. సోక్రటీసు మీద తమిళంలో ఒక పుస్తకం రాశారు. రోమన్ చక్రవర్తి మార్కస్ అరేలియస్ గ్రీకులో రాసుకున్న ఆలోచనలను ‘ఆత్మ చింతనై’ పేరుతో తెచ్చారు. ఆ కాలపు జాతీయవాదులకు సోక్రటీసు సత్యాగ్రహి. గాంధీజీ 1908లోనే ఆయన కథను గుజరాతీలో రాశారు, బొంబాయి ప్రభుత్వం 1910లో ఆ పుస్తకాన్ని నిషేధించింది.

మార్కస్ స్టోయిక్ తత్వ సంప్రదాయం వాడు. ఆ సంప్రదాయంలో జ్యూస్ అంటే కొండమీద కూర్చున్న పురుషుడు కాదు, విశ్వమంతా అల్లుకున్న వివేకం. లోకాన్ని దైవం నడుపుతోందా, లేక అంతా అణువుల కలయికేనా అని మార్కస్ తనను తానే పలుమార్లు ప్రశ్నించుకుని, ఏదైనా సరే నా పని నేను చేయాలి అనుకుంటాడు. ఉపనిషత్తుల మీద సామాన్యుల కోసం రాసిన రాజాజీకి ఈ మాట పరాయిగా తోచి ఉండదు.

అంత నిరాకార చింతన చేసిన మనిషి ‘కురై ఒన్ఱుమ్ ఇల్లై’ పాటలో తిరుమల గోవిందుణ్ని ఎదుట నిలుపుకుని మాట్లాడారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో అది తెలుగిళ్లకూ చేరింది. కొందరికి ఇది పొసగనట్టు కనిపిస్తుంది. స్టోయిక్కుల రెండో గురువు క్లెయాంథిస్ కూడా ఇదే చేశాడు. చదువు ఖర్చుల కోసం రాత్రిళ్లు తోటలకు నీళ్లు తోడి, పగలు తత్వం చదువుకుని, తర్వాత జ్యూస్ అంటే విశ్వనియమమేనని పాఠం చెప్పిన ఆయన, ఆ జ్యూస్‌నే ‘నువ్వు’ అని పిలుస్తూ ఒక స్తోత్రం రాశాడు. ఆయన రాతల్లో ముక్కలుగా కాక పెద్ద రచనగా మనకు మిగిలింది అదొక్కటే.