రెండు క్లిక్కులు... పన్నెండు కోట్లు

2021 నవంబరు. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సిబ్బందికి విడతలు విడతలుగా మెయిళ్లు వచ్చి పడుతున్నాయి. మొత్తం రెండొందలకు పైనే. అందులో వల ఉందని ఎవరికీ తెలియదు. ఇద్దరు ఉద్యోగులు తెరిచారు.

తెర మీద తేడా ఏమీ కనిపించి ఉండదు. అయితే ఆ క్షణం నుంచి ఆ కంప్యూటర్లు మరొకరి చేతికి వెళ్లిపోయాయి. ఎక్కడో కూర్చుని నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి, నొక్కిన ప్రతి అక్షరాన్నీ రాసుకునే కీలాగర్ ఒకటి లోపల చేరాయి. దొంగలు తొందరపడలేదు. డిసెంబరు గడిచింది, సంక్రాంతి వెళ్లింది. ఎవరు ఏ పాస్‌వర్డ్‌తో ఎక్కడికి వెళ్తున్నారో కనిపెట్టుకుంటూ, మామూలు ఉద్యోగి ఖాతా నుంచి మెల్లగా అన్ని అధికారాలూ ఉండే సూపర్ యూజర్ దాకా ఎక్కారు.

2022 జనవరి 22. నాలుగో శనివారం, బ్యాంకుకు సెలవు. మర్నాడు ఆదివారం. ఆ వారాంతంలో రూ.12.48 కోట్లు కదిలాయి. ముందే సిద్ధం చేసుకున్న కొన్ని ఖాతాల్లోకి, వాటి నుంచి వేరే బ్యాంకుల్లోని వందకు పైగా ఖాతాల్లోకి, చివరికి దేశం నలుమూలలా వందలాది ఏటీఎంల నుంచి నోట్ల రూపంలో బయటికి. సోమవారం ఫిర్యాదు పోలీసులకు చేరేసరికి సొమ్ములో ఎక్కువ భాగం చేజారింది.

రెండు నెలలు వెతికిన తర్వాత అప్పటి నగర పోలీసు కమిషనర్ సి.వి.ఆనంద్ వివరాలన్నీ బయటపెట్టారు. వందమంది పోలీసులు తిరిగారు, దర్యాప్తుకే రూ.58 లక్షలు అయ్యాయి, ఇరవై మందికి పైగా పట్టుబడ్డారు. అసలు హ్యాకర్లు మాత్రం విదేశాల్లో ఉండిపోయారు. బ్యాంకుకు ఆనాటికి సరైన ఫైర్‌వాల్ లేదు. శాఖల నెట్‌వర్కుకూ ప్రధాన కార్యాలయం నెట్‌వర్కుకూ మధ్య అడ్డుగోడ లేదు. 2023లో రిజర్వు బ్యాంకు రూ.65 లక్షల జరిమానా వేసింది. నన్ను కలవరపెట్టేది దొంగల తెలివి కాదు. దొంగలు వచ్చిన దారిలో ముందే నడిచి చూసి, ‘అయ్యా, ఇక్కడ తలుపు తెరిచి ఉంది’ అని చెప్పేవాడు ఆ బ్యాంకులో ఒక్కడూ లేకపోవడం.

అలాంటివాళ్లను తయారుచేసే పరీక్షలు ఉన్నాయి. భద్రతను పరీక్షించే పనిముట్లుండే కాలీ లైనక్స్‌ను రూపొందించిన ఆఫ్‌సెక్ సంస్థ నిర్వహించే ఓఎస్‌సీపీ వాటిలో పేరున్నది. మహేశ్ బ్యాంకు దోపిడీకి పదకొండు రోజుల ముందు, 2022 జనవరి 11న, ఆ పరీక్షలో ఒక మార్పు వచ్చింది. ఒక సంస్థ నెట్‌వర్కు లాంటి మూడు కంప్యూటర్ల గుంపును కలిపారు. ఒకదాన్నుంచి మరోదానికి పాకుతూ పైస్థాయి అధికారం అందుకోవాలి. 2024 నవంబరు నుంచైతే ఒక మామూలు ఉద్యోగి పాస్‌వర్డ్‌ను అభ్యర్థి చేతికే ఇచ్చి మొదలుపెట్టమంటున్నారు. మెయిల్ తెరిచిన ఆ ఇద్దరి కంప్యూటర్ల దగ్గర దొంగలు నిలబడ్డ చోటు కూడా అదే.

పరీక్ష 23 గంటల 45 నిమిషాలు. కెమెరా ముందు కూర్చోవాలి. వందకు డెబ్బై మార్కులు రావాలి. చాట్‌బాట్ల సాయం నిషిద్ధం. అయ్యాక మరో 24 గంటల్లో ఎలా లోపలికి వెళ్లారో అడుగడుగూ నివేదిక రాయాలి. నివేదిక సరిగ్గా లేకపోతే అధికారం సాధించిన కంప్యూటరుకూ మార్కులు పోతాయి. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పరీక్ష పాసైనవాళ్లను తక్కువ చేయను గానీ, బ్యాంకు తాళం పరీక్షించమని పిలవాల్సివస్తే నేను ఈ నివేదిక రాసినవాళ్లనే పిలుస్తాను.

65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి వస్తే సూర్యాపేట, ఆ తర్వాత కోదాడ. పక్కకు మళ్లితే రైస్ మిల్లుల మిర్యాలగూడ. ఈ ఊళ్ల పిల్లలకు కంప్యూటర్ కోర్సు అంటే అమీర్‌పేట బస్సెక్కడమే. ఇలా తాళాలు పరీక్షించే విద్యకు ఆ బస్సు అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ల్యాప్‌టాప్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్ ఉచితం, కాలీ ఉచితం. కావాలనే లొసుగులతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్ 2 అనే ప్రాక్టీస్ మెషీన్ కూడా ఉచితమే. కాలీనీ ఈ మెషీన్‌నూ బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా ల్యాప్‌టాప్‌లోనే కలపాలి.

తెరిచి ఉన్న పోర్టులను వెతికే ఎన్‌మ్యాప్‌తో ఆ మెషీన్‌ను చూస్తే 21వ పోర్టులో ‘వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4’ అనే ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్ కనిపిస్తుంది. దాని వెనక నిజమైన కథ ఉంది. 2011లో ఎవరో ఆ సాఫ్ట్‌వేర్‌ను డౌన్‌లోడ్ చేసుకునే చోటే మార్చేశారు. యూజర్ పేరు చివర నవ్వు ముఖం గుర్తు పెడితే చాలు, 6200 పోర్టులో దొడ్డిదారి తెరుచుకుంటుంది. ఆ ఏడాది జులైలో బయటపడింది. ఆ తలుపు తీసి యంత్రం మీద పూర్తి అధికారం సంపాదించిన రాత్రి నిద్ర పట్టదు. కానీ అక్కడే ఆగకూడదు. ఈ దారిని మూసేదెలా, ఎవరైనా వచ్చి వెళ్తే ఆనవాలు ఎక్కడ దొరుకుతుంది అని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ట్రైహ్యాక్‌మీ, హ్యాక్ ది బాక్స్ అనే శిక్షణ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికే యంత్రాల మీద సాధన చేయాలి. పదిహేడు వందల డాలర్లకు పైగా ఖర్చయ్యే ఓఎస్‌సీపీకి అప్పుచేసి పరుగెత్తడం ఆ తర్వాతి మాట. కరెంటు పోతే పరీక్ష సమయం పోతుంది కాబట్టి ఇన్వర్టరు లెక్క కూడా వేసుకోవాలి.

ఇతరుల కంప్యూటర్ల మీద అనుమతి లేకుండా ఇదే పని చేస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా రూ.5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ డేటాను 150 డాలర్లకు అమ్మకానికి పెట్టిన కేసులో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఢిల్లీ దగ్గర పట్టుకున్నది చదువుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాణ్ని. అంత నేర్పున్న పిల్లవాడు ఆ వయసులో పోలీసు కేసులో చిక్కుకోవడం నాకు చాలా బాధ కలిగించింది. ఎక్కడైనా లొసుగు కంటపడితే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు రాయండి. సైబర్ మోసంలో సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మిర్యాలగూడ మిల్లర్లకూ, సూర్యాపేట, కోదాడల్లో బ్యాంకులూ సొసైటీలూ నడిపేవారికీ ఒక విన్నపం. మీ ఊళ్లో ఈ విద్య చేతులారా నేర్చిన పిల్లలుంటే పిలవండి. ఏ కంప్యూటర్లు, ఏ తేదీలు, ఎంత రుసుము అన్నది కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మీ నెట్‌వర్కును పరీక్షించమనండి. ఆ అనుమతి పత్రం మీరే ఇవ్వాలి.